రెండడుగులు పెంచిన జీపు

యేసు మరియ జోజప్ప

తిరువూరు,
14 జూన్ 2024, శుక్రవారం.

చి. బాలశౌరికి నాయనమ్మ ప్రేమావతి రాయునది.

ఇవాళ పొద్దున పోస్ట్‌మాన్ ఒక పార్శిల్ ఇచ్చి సంతకం తీసుకున్నాడు. అందుకే ఈ ఉత్తరం. నెలాఖరు ఆదివారం మీకు ఫోన్ ఇస్తారు గనక అప్పుడు అడగొచ్చు. కానీ ఫోన్లో నువ్వు "ఆ నాయనమ్మా", "సరే నాయనమ్మా" తప్ప మూడో మాట ఎరగవు. కాగితం మీద ఆ రెండు మాటలతో గడవదు.

పార్శిల్ నిన్ను ఫాదర్‌ని చేసే మీ గురువిద్యాలయం నుంచి వచ్చింది. లోపల జీపు బొమ్మ ముద్రించిన అట్టపెట్టె, అందులో ప్లాస్టిక్ ముక్కలు, చక్రాలు, వేలెడంత రంపం, మూత పెట్టకుండా ఎండబెట్టిన గమ్ము ట్యూబు, మధ్యకి కోసి మళ్ళీ అతికిస్తే మళ్ళీ విరిగిన జీపు అడుగుభాగం. పైన రెక్టర్ ఫాదర్ గారి చీటీ: "బ్రదర్ బాలశౌరి ధ్యానం వేళలో ఈ పని చేస్తూ రెండుసార్లు కనిపించాడు. పెద్ద తప్పు కాదు. అయితే దీని మీద ఉన్న మనసు ఇక్కడ ఉంటే బాగుండును. మీ దగ్గర ఉంచండి."

పిల్లల మీద ఇళ్ళకి ఇలాంటి చీటీలు రాయడం నా టీచరు ఉద్యోగంలో భాగంగా ఉండేది. నాకు ఒకరు రాయడం ఇదే మొదలు.

ఆ వస్తువు ఎవరిచ్చారు, ధ్యానం వేళలో ఎందుకు చేశావు, రెండుసార్లు పట్టుబడేదాకా ఎందుకు ఆపలేదు, ఈ మూడింటికీ జవాబు రాయి. సెప్టెంబరు 8, మరియమాత పుట్టినరోజున నీకు ఫాదర్ల తెల్ల అంగీ ఇస్తారని రెక్టర్ గారు కిందటి నెలలోనే చెప్పారు. తెల్లబట్ట తెచ్చి బీరువాలో పెట్టాను. నీ భుజాల కొలతా, పొడవూ పంపు. మీ అమ్మ హాస్పిటల్ డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. వచ్చాక ఈ పెట్టె చూపిస్తాను.

నాయనమ్మ.


గురువిద్యాలయం, ఏలూరు,
22 జూన్ 2024.

నాయనమ్మకు బాలశౌరి నమస్కరించి రాయునది.

నీ ఉత్తరం అందింది. ఆ జీపు బొమ్మ కిట్టుని అమీర్ ఇచ్చాడు. ఖాదర్‌బాషా తాత మనవడు, నాతో పదో తరగతి దాకా చదివాడు, నీకు తెలుసు. నా పుట్టినరోజుకి ఆన్‌లైన్లో తెప్పించి ఇచ్చాడు. ధ్యానం వేళలో చేయడం తప్పే. మిగతా వేళల్లో గదిలో నలుగురం ఉంటాం.

ఎందుకు ఆపలేదంటే, అది నాన్న జీపు.

నాన్న నడిపింది మామూలు జీపు కాదు కదా. పొట్టి జీపు అడుగు చట్రాన్ని, అదే ఛాసిస్‌ని, మధ్యలో కోసి, రెండడుగులు పెంచి, దాని మీద పొడవు బాడీ ఎక్కించిన సర్వీసు జీపు. వినగడప, పెనుగొలను మనుషులు వెనక ఎదురెదురు బెంచీల మీద మోకాళ్ళు తగిలించుకుని కూర్చునేవాళ్ళు. అలాంటి జీపు కిట్టు ఎక్కడా దొరకదు. దొరికేది పొట్టి జీపుదే. అసలు బండిలో ఇరవై నాలుగో వంతు. అసలు బండికి రెండడుగులు పెంచితే దీనికి సరిగ్గా ఒక అంగుళం పెంచాలి. పొడవు బాడీ నేనే ప్లాస్టిక్ షీటుతో చేశాను. పెట్టె అడుగున న్యూస్‌పేపర్లో చుట్టి ఉంది, చూడు. బెంచీలు కూడా పెట్టాను. బాడీ బాగానే కుదిరింది. ఛాసిస్ దగ్గరే వస్తోంది గొడవ. ఒక అంగుళం ముక్క మధ్యలో పెట్టి అతికిస్తాను, ఆరాక బాడీ దాని మీద పెట్టగానే నడుం విరుగుతుంది. మూడుసార్లు అయింది. ఒకసారి నిలిచింది కానీ వెనక ఎడమ చక్రం నేలకి ఆనలేదు.

దయచేసి ఆ పెట్టె పారేయకు. అమీర్‌కి ఇచ్చినా సరే.

నాన్న ఆ జీపుని ఎక్కడ, ఎప్పుడు పెంచాడో నీకేమైనా తెలుసా? నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న పోయాడు. గేరు రాడ్డుకీ నాన్న మోకాలికీ మధ్య కూర్చున్నట్టు గుర్తుంది, అంతే.

సెప్టెంబరు గురించి సెలవుల్లో మాట్లాడతాను.

బాలశౌరి.


యేసు మరియ జోజప్ప

తిరువూరు,
3 జూలై 2024, బుధవారం.

చి. బాలశౌరికి,

కొలతలు రాలేదు. రెండు పేజీల ఉత్తరంలో జీపు వెనక బెంచీకి చోటు దొరికింది గానీ నీ భుజాలకి దొరకలేదు.

సగంలో ఆగిన పని ఇంట్లో ఉంచడం నాకు అలవాటు లేదు. పారేయాలా, ఎవరికైనా పనికొస్తుందా తెలుసుకుందామని పెట్టె పట్టుకుని ఖాదర్‌బాషా వెల్డింగ్ షెడ్డుకి వెళ్ళాను. ఇప్పుడు చూపు సరిగా ఆనదు గనక అతను పని చేయడం లేదు. కుర్చీ వేసుకుని చేసేవాళ్ళని తిడుతుంటాడు.

పెట్టె తెరిచి ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఏంటి టీచరమ్మా, అబ్బాయి బండి ఇంత చిక్కిపోయింది? మేత వెయ్యట్లేదా?"

"పరాచికాలు తర్వాత. ఇది ఎందుకు నిలవడం లేదో చెప్పండి" అన్నాను.

"లెక్కల టీచరు మీరు. నన్నడుగుతారేంటండీ?"

"నాకు తెలిస్తే ఇంత ఎండలో మీ షెడ్డుకి ఎందుకొస్తాను?"

అప్పుడు దారికి వచ్చి చెప్పాడు. నువ్వు చెరుకు గడని నరికినట్టు అడ్డంగా కోశావు. అంచుకి అంచు ఆనించి అతికిస్తే పై బరువంతా అతుకు మీదే పడుతుంది. ఏటవాలుగా కోయాలి, లోపలివైపు ఇంకో పట్టీ వేయాలి. అంతకన్నా పెద్ద తప్పు, కట్టకుండా కోశావు. కోసేముందే ఛాసిస్ రెండు కమ్ములనీ ఒక తిన్నని కడ్డీకి బిగించి కట్టాలట. "కోసేశాక అవి మళ్ళీ వరసలోకి రమ్మంటే రావండీ, మనుషుల్లాగే" అన్నాడు. ఆ చివరి మాట అతని సొంతం, నువ్వు లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

నేను చూసిన తప్పు ఇంకొకటి ఉంది. ఛాసిస్ అంగుళం పెంచి, ఇంజిను నుంచి వెనక చక్రాలకి పోయే షాఫ్టుని పాత పొడవే ఉంచావు. బొమ్మ కాబట్టి సరిపోయింది. బండి అయితే ఇంజిను ఒకచోట తిరుగుతుంది, చక్రాలు ఒకచోట నిలబడి ఉంటాయి.

అసలు అతుకు ఎలా ఉండాలో చూపిస్తానని లోపలి నుంచి ఒక ఇనుప ముక్క తెచ్చాడు. మీ నాన్న జీపుది. మీ నాన్న పోయాక బండిని పాత ఇనుముకి వేసినప్పుడు, ఆ అతుకున్న ముక్క మాత్రం కోయించి దాచుకున్నాడట. ఇంకేదో కూడా అన్నాడు. అది నీకు అనవసరం.

జీపు ఎక్కడ పెంచారని అడిగావు. ఆ షెడ్డులోనే. ఎప్పుడన్నది నాకు గుర్తు లేదు. పదో తరగతి తప్పినవాడికి చేతిపని తప్ప దారేముంది? పెట్టె నా దగ్గరే ఉంటుంది.

సెప్టెంబరు గురించి మాట్లాడడానికి ఏమీ లేదు. కొలతలు పంపు.

నాయనమ్మ.


గురువిద్యాలయం, ఏలూరు,
14 జూలై 2024.

నాయనమ్మకు,

నీకు గుర్తు లేకపోవడం ఏంటి? నేను ఒకటో తరగతిలో ఏ రోజు పలక పగలగొట్టానో చెబుతావు. జీపు పెంచిన ఏడాది గుర్తు లేదంటావు. ఖాదర్‌బాషా తాత ఏమన్నాడో రాయదలిస్తే రాయి, లేకపోతే అసలు ఎత్తకుండా ఉండాల్సింది.

సెలవుల దాకా ఆగుదామనుకున్నాను. ఆగితే ఆ లోపల అంగీ కుట్టిస్తావు. ఇప్పుడే రాస్తున్నాను. నాకు అంగీ వద్దు నాయనమ్మా. ఇక్కడ ఎవరూ నన్ను బాధపెట్టలేదు. ఫాదర్లు మంచివాళ్ళు. తిండి బాగుంటుంది. పూజలో పాడతాను, చదువులో వెనకబడలేదు. కానీ సాయంత్రం ధ్యానంలో కళ్ళు మూసుకుంటే నాకు కనిపించేది ఆ ఛాసిస్. ఎక్కడ కోయాలి, ఎలా నిలబెట్టాలి. సంవత్సరం నుంచీ ఇంతే. ఇది పాపమో కాదో ఒప్పుకోలులో ఫాదర్‌ని అడిగాను. "పాపం కాదు నాయనా, కానీ ఇది జవాబు" అన్నారు.

నేను ఎనిమిది నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు మూర్ఛలొస్తే గుణదల మాతకి నన్ను గురువుగా ఇస్తానని నువ్వు మొక్కుకున్నావు. మొక్కింది నువ్వు, మోసేది నేను. మా నాన్నని ఒక్క మాట అడిగావా అప్పుడు?

ఇంకొకటి. నువ్వు ప్రతి ఉత్తరం పైనా జోజప్ప అని నాన్న పేరే రాస్తావు. లోపల ఎప్పుడూ రాయవు. "మీ నాన్న" అంటావు, ఎవరో నాకు మాత్రమే చుట్టం అయినట్టు.

కొలతలు పంపడం లేదు.

బాలశౌరి.


యేసు మరియ జోజప్ప

తిరువూరు,
20 జూలై 2024, శనివారం.

బాలశౌరికి,

పైన రాసేది పునీతుడి పేరు. చిన్నప్పటి నుంచీ రాస్తున్నాను. నీ కోసం మానను.

ఆ రాత్రి సంగతి నువ్వు అడిగావు గనక విను. విజయవాడ హాస్పిటల్లో డాక్టరు ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. అంటే ఏంటో నర్సు ఉద్యోగం చేసే మీ అమ్మకి వేరే చెప్పనక్కర్లేదు, గోడ పక్కన కూలబడింది. మీ నాన్న జీపు దగ్గర నిలబడి టైరుకి గాలి ఉందో లేదో చూస్తున్నాడు. బిడ్డ నీలంగా మారుతుంటే టైరు చూసే మనిషిని ఏమడగాలి? నేను మోకాళ్ళ మీద పడ్డాను. నా దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ లేదు. నిన్నే ఇచ్చాను. తెల్లారేసరికి పాలు తాగావు.

నీ తెలివి ప్రకారం నేనేం చేయాల్సిందో రాయి. నిన్ను చావనిచ్చి, పెద్దయ్యాక నీ ఇష్టం కనుక్కుందామని కూర్చోవాల్సిందా?

ఒప్పుకోలులో చెప్పిన మాట నాకు రాయకూడదు. ఆయన చెప్పినా సరే, నువ్వు రాయకూడదు.

మన గుడి విచారణ గురువులు కిందటి ఆదివారం పూజలో అంగీ తీసుకునేవాడిగా నీ పేరు చదివారు. ఊరంతా విన్నది. నేను లేచి నిలబడ్డాను. ఇప్పుడు కూర్చోమంటావా?

దర్జీకి మీ అమ్మ పెట్టెలో ఉన్న నీ పాత చొక్కా ఇస్తున్నాను. దాని మీద వేసుకుని కొంచెం వదులుగా కుడతాడు.

ప్రేమావతి.


ఆటోనగర్, విజయవాడ,
5 ఆగస్టు 2024.

నాయనమ్మకు,

పైన ఊరి పేరు చూసి ఉంటావు. దర్జీని ఆపు.

జూలై 27న వచ్చేశాను. పారిపోలేదు. రెక్టర్ ఫాదర్‌కి అంతా చెప్పాను. ఆయన "సగం మనసుతో పూర్తి అంగీ వేసుకోకు" అని, తలమీద చెయ్యి పెట్టి దీవించి, బస్టాండ్ దాకా నన్ను తన బండి మీద దించారు. నీకు ఆయనే ఉత్తరం రాస్తానంటే వద్దన్నాను. నేను చెప్పాల్సింది నేనే చెప్పాలని.

ఇది నీకు కోపం తెప్పిస్తుంది. ఆ రోజు తిరువూరు వచ్చాను. బస్సు దిగి ఇంటికి రాలేదు. ఖాదర్‌బాషా తాత షెడ్డుకి వెళ్ళాను. నువ్వు "అనవసరం" అన్న మాట ఏంటో అడిగాను. ఆయన ముందు నీకు ఫోన్ చేస్తానన్నాడు. "చేస్తే టీచరమ్మ నాతో గోడ కుర్చీ వేయిస్తుంది" అని ఆయనే మానుకున్నాడు. తర్వాత చెప్పాడు.

మా నాన్న తప్పింది పదో తరగతి కాదు.

నాన్నని కూడా నువ్వు పంపావు. నేను చదివిన చోటికే. నేను పడుకున్న వరండాలోనే ఏదో ఒక మంచం మీద పడుకుని ఉంటాడు. అంగీ కూడా తీసుకున్నాడు. ఆ తర్వాత ఒక రోజు మధ్యాహ్నం ఆ తెల్ల అంగీతోనే ఖాదర్‌బాషా తాత షెడ్డులోకి నడుచుకుంటూ వచ్చి "ఏదైనా పని ఉందా" అని అడిగాడట. తాత భయపడి లేచి నిలబడ్డాడట, ఫాదర్ గారు అనుకుని. ఖాకీ చొక్కా ఇచ్చాడు. ఆ అంగీ చింపి నాన్న నెలరోజులు చేతులు తుడుచుకున్నాడట. అక్కడ నేర్చుకుని, మొట్టమొదట సొంతంగా కోసి అతికింది ఆ జీపు ఛాసిస్. తాత దాచిన ముక్క మీద ఉన్నది నాన్న చేతి అతుకు.

"తండ్రి అయ్యాడు, ఇప్పుడు కొడుకా టీచరమ్మా?" అన్నాడట నీతో. అదీ నువ్వు రాయని మాట.

మూడేళ్ళు నేను అక్కడ ఒంటరిగా ఉన్నాను నాయనమ్మా. నాలో ఏదో లోపం ఉందని, ఇంతమందిలో నాకొక్కడికే ఇది అతకడం లేదని అనుకున్నాను. మా నాన్నకీ అతకలేదని ఒక్క ముక్క నువ్వు చెప్పి ఉంటే చాలు. టైరు చూస్తున్నాడని రాశావు. ఆయన చేతికి తెలిసింది అదొక్కటే. ఆయన ప్రార్థించడం నువ్వు గుర్తుపట్టలేదు.

ఆ ముక్క ఇమ్మని అడిగాను. తాత ఇవ్వలేదు. "ఇది టీచరమ్మది. ఆవిడొచ్చి అడిగితే ఇస్తాను" అన్నాడు.

ఇక్కడ తాత అల్లుడి షెడ్డులో, బండ్లకి బాడీలు కట్టే పనిలో చేరాను. ఇంకా కోయనివ్వరు. కడ్డీలు పట్టుకోమంటారు, పట్టుకుంటున్నాను. రాత్రిళ్ళు నిద్ర పడుతోంది. అమ్మకి తెలుసు. వచ్చిన రోజే ఫోన్ చేశాను. నీకు చెప్పవద్దని నేనే అన్నాను, ఆమెని ఏమీ అనకు.

బాలశౌరి.


యేసు మరియ జోజప్ప

తిరువూరు,
15 ఆగస్టు 2024, గురువారం, మరియమాత మోక్షారోపణ పండుగ.

జోజప్ప కొడుకు బాలశౌరికి,

ఇవాళ పోస్టాఫీసుకి సెలవు. ఇది రేపు వేస్తాను. అయినా ఇవాళే రాస్తున్నాను, ఎందుకంటే పొద్దున పండుగ పూజ అయ్యాక గుడి మెట్ల మీద బ్లెస్సీ టీచరు అందరి ముందూ "అంగీ పండుగకి బస్సు మాట్లాడారా అండీ?" అని అడిగింది. "అంగీ లేదు, వాడు వచ్చేశాడు" అన్నాను. ఆమె "అయ్యో, ఇప్పుడెలా?" అంది. నా జవాబు కోసం చూసింది. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. నీ ఉత్తరం వచ్చి వారం దాటింది.

నువ్వు విన్నది నిజం. జోజప్పని నేనే పంపాను. మొక్కు కాదు, ఎవరికీ జబ్బు చేయలేదు. నా కొడుకు గురువు కావాలని నాకు ఉండింది, అంతే. అతను షెడ్డులో ఉన్నాడని తెలిసిన రోజు నేను బడికి వెళ్ళి తొమ్మిదో తరగతికి పాఠం చెప్పాను. ఆ తర్వాత నాలుగేళ్ళు అతనితో మాట్లాడలేదు. పెళ్ళికి వెళ్ళాను, భోంచేయలేదు. అంగీతో చేతులు తుడుచుకున్న సంగతి నీ ఉత్తరంలోనే మొదటిసారి చదివాను. ఖాదర్‌బాషా ఇన్నేళ్ళూ నా ముఖం చూసి దాచాడు. నీకు దాచాలనిపించలేదు.

నీకెందుకు చెప్పలేదంటే, తెలిస్తే నువ్వూ అదే దారి పడతావని. తెలియకుండానే పట్టావు. మొక్కుకున్నందుకు మాత్రం నాకు చింత లేదు. ఇప్పుడు మళ్ళీ అలాంటి రాత్రి వచ్చినా అదే చేస్తాను. నువ్వు బతికి ఉండి నా మీద ఈ ఉత్తరం రాశావు.

అతని ప్రార్థన నేను గుర్తుపట్టలేదన్నావు. దాని గురించి ఏమీ రాయను.

నిన్న షెడ్డుకి వెళ్ళి ఆ ముక్క అడిగాను. ఖాదర్‌బాషా తెచ్చి, తుడిచి, నా చేతిలో పెట్టాడు. ఇంటికి తెచ్చి ఉప్పుకాగితంతో రుద్దాను. కమ్మి అంచులు తుప్పుకి పొరలు పొరలుగా లేస్తున్నాయి. అతుకు దగ్గర ఇనుము గట్టిగా ఉంది. ఏటవాలు గీత ఎక్కడా వంకర పోలేదు. స్కేలు పెట్టి చూశాను. బళ్ళో అతనికి జామెట్రీలో ఎప్పుడూ పూర్తి మార్కులు వేయలేదు నేను.

ఇక జరగాల్సినవి:

1. రెక్టర్ ఫాదర్ గారికి కృతజ్ఞతతో నువ్వు ఉత్తరం రాయాలి. నిన్ను దొంగలా పంపకుండా దీవించి పంపారు. మీ నాన్నకి ఆ మర్యాద దొరకలేదు.

2. ఆదివారం పూజ మానకూడదు. పని ఉందని రాయకు.

3. మొక్కు నాది. గుణదల కొండకి నేను ఒక్కదాన్నే వెళ్ళి ఇచ్చిన మాట నిలుపుకోలేకపోయానని చెప్పుకుంటాను. నువ్వు వెంట రావద్దు. ఏం చెప్పానని తర్వాత అడగవద్దు.

4. మీ అమ్మ నా దగ్గర దాచినందుకు ఆమెని ఏమీ అనలేదు. ఈ ఇంట్లో దాచడం ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు తెలుసు.

5. ఇంటికి రావచ్చు. నేను పలకరించకపోతే పలకరించలేదని నొచ్చుకోవద్దు. ఎప్పుడు మాట్లాడాలో నాకు తెలుస్తుంది. ఈసారి నాలుగేళ్ళు పట్టనివ్వను, నాకు అంత వ్యవధి లేదు.

6. జీపు పెట్టె నీ బల్ల మీద పెట్టాను. కోసిన ముక్కలు రెండింటినీ వరసలో పెట్టి ఒక ఇనుప స్కేలుకి దారంతో కట్టాను. ఏటవాలుగా కోయాల్సిన చోట పెన్సిల్ గీత గీశాను. కోయలేదు. కోసేది నువ్వు. షాఫ్టు మర్చిపోవద్దు.

7. జోజప్ప అతుకు నా గదిలో, కిటికీ దగ్గర ఉంది. వచ్చి చూసి నీ అతుకుని దానితో పోల్చుకో. తీసుకెళ్ళవద్దు.

8. తెల్లబట్ట దర్జీ దగ్గర నుంచి వెనక్కి తెప్పించాను. అతను ఇంకా కత్తెర పెట్టలేదు. ఈసారి దానితో ఎవరూ చేతులు తుడుచుకోరు. నన్ను శవపెట్టెలో పెట్టే రోజున అడుగున పరవమని మీ అమ్మకి చెప్పాను. కొలిచి చూశాను, సరిపోతుంది.

ప్రేమావతి.